దాచిన నాలుగు రోజులు

"మీటింగ్ పన్నెండింటికి. చర్చి కింది హాల్లో. నువ్వు తాగుబోతువి," అంది మార్జరీ హాస్కిన్స్.

"దానికి వేషమెందుకు మేడమ్?" అన్నాడు వెండెల్ క్రాస్.

ఆవిడ నవ్వలేదు. అమెరికాలోని హంట్స్‌విల్‌లో గూఢచారుల వేట విభాగానికి ఆవిడే చీఫ్. వెండెల్ ఏజెంటు. తాగుడు మాని ఆరేళ్లయిందని అతని ఫైల్లో ఉంది.

టార్గెట్ ఓరిన్ బీల్, క్షిపణి రాడార్ల ఇంజనీరు. పోయినేడు తాగి కారు నడిపి, పక్క రాష్ట్రంలో అరెస్టయ్యాడు. సెక్యూరిటీ క్లియరెన్స్, అంటే రహస్య కాగితాలు చూసే అనుమతి, పోతుందని ఆఫీసులో దాచాడు. తాగుడు మానేవాళ్ల మీటింగులో మాత్రం ఏడుస్తూ చెప్పుకున్నాడు. పక్క కుర్చీలోంచి రుమాలు అందించిన అందగత్తె సెలెస్ట్ విదేశీ ముఠా మనిషి. నోరు మూసుకోవడానికి ఇప్పుడామె అడుగుతున్నది, రాడార్ డిజైన్లున్న పెన్‌డ్రైవ్.

మీటింగ్ ముగిసింది. కాఫీ బల్ల దగ్గర వెండెల్ గొంతు తగ్గించాడు.

"ఆవిడకి అది ఇవ్వకండి, బీల్ గారూ."

ఓరిన్ మొహం పాలిపోయింది. "ఎవరు మీరు?"

"ప్రభుత్వం మనిషిని. మీరే వెళ్లి చెప్పేయండి. తాగినోడిని క్షమిస్తారేమో గానీ, దాచినోడిని నమ్మరు. చికిత్సలో ఉన్నారు, అదీ చూస్తారు."

"చెప్పడం తేలికే. మీరెప్పుడైనా చెప్పారా?"

 వెండెల్ చొక్కా గుండీలో మైకుంది. వీధి చివర వ్యానులో మార్జరీ వింటోంది.

బయట సెలెస్ట్ కారు హారన్ మోగింది. ఓరిన్ తలుపు వైపు కదిలాడు.

"లేదు," అన్నాడు వెండెల్. "మార్చిలో మా అమ్మ పోయింది. నాలుగు రోజులు తాగాను. ఆఫీసు ఫారంలో 'తాగలేదు' అని సంతకం పెట్టాను. ఇదిగో, ఇప్పుడు చెప్తున్నా. మా చీఫ్ వింటోంది."

ఓరిన్ ఆగిపోయాడు. అంతలో సెలెస్టే లోపలికొచ్చి చెయ్యి చాపింది.

"ఏం ఆలస్యం? ఇటివ్వు. లేదా రేపు నీ అరెస్టు కాగితం మీ ఆఫీసులో ఉంటుంది."

ఓరిన్ జేబులోంచి పెన్‌డ్రైవ్ తీశాడు. ఆమె వేళ్లు దాన్ని తాకబోయాయి. అతను దాన్ని వెండెల్ అరచేతిలో పెట్టాడు.

"రేపెందుకు? ఆ కాగితం నేనే ఇవాళ ఇచ్చుకుంటా."

ఆమె వెనక్కి తిరిగేసరికి మెట్ల మీద నలుగురు ఏజెంట్లు.

వ్యాను దగ్గర మార్జరీ చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసింది. ఆవిడ కళ్లలోకి చూడలేక వెండెల్ బూట్లు చూసుకున్నాడు.

"మంచి పని చేశావ్. బ్యాడ్జి ఇవ్వు."

ఇచ్చాడు.

"విచారణ తేలేదాకా క్లియరెన్స్ లేదు. ఈ ఆపరేషన్ రిపోర్టు మాత్రం సాయంత్రంలోగా కావాలి."

"రాస్తాను మేడమ్. కానీ అది టాప్ సీక్రెట్ కదా, రాసేటప్పుడు కళ్లు మూసుకోవాలా?"