అవ్వ ఒప్పుకుంది

“అవ్వా, మా గ్రీసు సార్ ఈ ద్రాక్ష పెట్టె ఇచ్చి రమ్మన్నడు.”

పెంచలమ్మ తలుపు సగమే తీసింది. “ఎవరికయ్యా అవ్వ? నాకు ఇరవయ్యారేండ్లు. ముసిల్దాని మాదిరి కనపడ్తాండానా?”

నర్సింగ్ తెల్లబోయాడు. అతనిది జగిత్యాల. అరబ్బు దేశంలో, అల్ ఖువైర్‌లో గ్రీసు రాయబార ఉద్యోగి ఒకాయన దగ్గర డ్రైవరు. ఆమెది రాయచోటి. ఆ సార్ ఇంటికి నాలుగు వీధుల అవతల, సైప్రస్ రాయబార కార్యాలయం మేడమ్ ఇంట్లో వంటమనిషి.

“మర్యాదకే అన్న గదా. గింత కోపమెందుకు?”

మర్యాదట. ఆమెకు ఒళ్ళు మండింది.

ఆ రెండు దేశాల వాళ్ళు ప్రతి గురువారం ఇక్కడే కాఫీకి కలుస్తారు. హాల్లో గ్రీకు భాషలో నవ్వులు. వంటింట్లో తెలుగులో తగువు.

“గ్రీకు కాఫీ మస్తుంది,” అన్నాడు నర్సింగ్.

“ఈ ఇంట్లో అది సైప్రస్ కాఫీ.”

“రెండూ ఒక్కటే గదా. భాష గూడ ఒక్కటే.”

“ఒకటైతే రెండు జెండాలు ఎందుకంట?”

ఇలా ఆరు నెలలు గడిచాయి. గురువారం వస్తే ఆమె అతని కప్పు ముందే కడిగి పెట్టేది, తిట్టడానికి వీలుగా.

అంతలో మేడమ్‌కు బదిలీ వచ్చింది, ఇక పెంచలమ్మ ఇంటికి పోవాల్సిందే. ఊళ్ళో ఆమె అన్న సంబంధం చూసి, రేపటిలోగా జవాబు చెప్పమన్నాడు. ఆ మాట వినగానే నర్సింగ్ కప్పు కింద పెట్టాడు.

“నన్ను చేసుకో.”

ఆమె పొయ్యి ఆర్పి అతని వైపు తిరిగింది. ఆ వెంటనే అతనే చెడగొట్టాడు.

“అవ్వకు చెప్పిన. ఒప్పుకున్నది.”

“అవ్వకా? అమ్మకు చెప్పే ధైర్యం లేదా?”

“చెప్పిన అంటున్న గదా. అవ్వకే.”

“పెండ్లి మాట ముసిలామెకు చెప్పి, కన్నతల్లికి దాస్తావా? నేనేమన్నా దాచిపెట్టాల్సినదాన్నా? పో. మా అన్నకు సరేనని చెప్తా.”

ఆమె ఫోన్ అందుకునేలోపే నర్సింగ్ వీడియో కాల్ కలిపి ఎదురుగా పెట్టాడు. తెర మీద కనకవ్వ. నలభై ఐదేళ్ళుంటాయేమో, తలలో ఒక్క తెల్ల వెంట్రుక లేదు.

“బాగున్నవా బిడ్డా?”

“ఈమె ఎవరు?” పెంచలమ్మ గొంతు తగ్గించింది.

“అవ్వ.”

“మీ అమ్మ మాదిరుండాది.”

“అమ్మనే. మా దిక్కు అమ్మను అవ్వ అనే అంటం.”

ద్రాక్ష పెట్టెతో వచ్చిన రోజు అతను పిలిచిన పిలుపు గుర్తొచ్చింది; అది ‘అమ్మా’ అన్నట్టే. ఆరు నెలల కోపం దండగైందని పెంచలమ్మకు మళ్ళీ కోపమొచ్చింది.

“మీ కొడుక్కి తెలుగు నేర్పకుండానే పంపినారే, అత్తా.”

“నువ్వే నేర్పు బిడ్డా. నాతోని కాలే.”

పెంచలమ్మ అతని కప్పు నింపింది. “ఇదేం కాఫీ?”

నర్సింగ్ హాలు వైపు చూశాడు. తన సార్‌కు వినపడకుండా, మెల్లగా చెప్పాడు.

“సైప్రస్‌ది.”