చేతులకు రాసే క్రీము

పొద్దున్నే పళ్లు తోముకుని వచ్చిన యామిని అద్దం ముందు నిలబడిపోయింది. మూతి చుట్టూ సన్నటి ఎర్ర పొక్కులు మళ్లీ లేచాయి. క్రీము ఆపిందో లేదో, ఈసారి గడ్డం దాకా పాకాయి.

వెనక నుంచి చూసిన తల్లి నీలవేణికి గుండె గుభేలుమంది. భర్త పోలారావుకు కూడా మొదట ఒంటి మీద దురదలే వచ్చాయి. ఎండ వల్లనుకున్నారు. చివరికి డయాలసిస్ మంచం మీదే పోయాడు. పాము కరిచినవాడికి తాడు చూసినా భయమే. ఇంటింటా కిడ్నీ జబ్బులున్న ఉద్దానంలో కాలు వాచినా, కడుపు తిప్పినా జనానికి ముందు గుర్తొచ్చేవి కిడ్నీలే. అందులో జనం తప్పు మాత్రం ఏముంది?

“ఇలగ రా, క్రీము రాత్తాను,” అంది నీలవేణి.

ఆ క్రీము అసలు ఆమెది. పలాసలో జీడిపిక్కలు కొట్టే పని ఆమెది. జీడినూనె తగిలి చేతులు పొక్కితే మందుల షాపువాడు ఇచ్చాడు. చేతుల మంట తగ్గించింది, కూతురి మూతికి తగ్గించదా అనుకుంది. నిజంగానే తగ్గించింది. ఆపగానే పొక్కులు ముందుకంటే ఎక్కువగా లేచాయి. లేచిన కొద్దీ ఇంకాస్త రాసింది. లోపల జబ్బు ముదురుతోందన్న అనుమానమూ పెరిగింది. కిడ్నీలకు పడవని ఇంట్లో పప్పు ఆగిపోయింది, కూరల్లో ఉప్పు తగ్గింది. యామిని బట్టల షాపులో పనికి మాస్కు పెట్టుకుని వెళ్తోంది.

“ఇయ్యాల కిడ్నీ టెస్టుకి రక్తం ఇచ్చేద్దాం తల్లీ. సేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏటి లాభం?”

“నాను ఇవ్వను.”

“ఏటికివ్వవు?”

“అందులో క్రియాటినిన్ ఎక్కువొచ్చిందనుకో, నాన్నని సూసినట్టే నన్నూ సూత్తావు. అన్నం పెట్టినప్పుడు కూడా నాన్న మొహంలోకి సూసేదానివి కాదు నువ్వు.”

నీలవేణి చేతిలోని ట్యూబుకు మూత పెట్టేసింది.

“సూత్తే ఏడుపొచ్చేసేదే. ఆయన ముందు ఏడవకూడదని తల దించుకునేదాన్ని,” అంది మెల్లగా.

ఇన్నాళ్లూ తల్లిది రాతిగుండె అనుకున్న యామినికి సిగ్గేసింది. అయినా పట్టు వదల్లేదు.

“అయితే నువ్వూ ఇయ్యి. నాన్న తాగిన నీళ్లే కదా నువ్వూ తాగినావు. ఒక్కసారైనా రక్తం ఇచ్చావేటి?”

“నాకేటైంది? గుండ్రాయిలాగున్నాను.”

“నువ్విత్తేనే నానిత్తాను.”

కూతురి కోసం నీలవేణి సరేనంది.

పలాస ఆస్పత్రిలో ఇద్దరూ రక్తం ఇచ్చారు. డాక్టరమ్మ యామిని మూతిని వెలుతురులో చూసి, “దీనికి ఏం రాస్తున్నారు?” అని అడిగింది. నీలవేణి సంచిలోంచి ట్యూబు తీసింది.

“ఇది స్టెరాయిడ్ అమ్మా. ముఖానికి ఇలా రాయకూడదు. రాస్తే అణుగుతుంది, ఆపితే లేస్తుంది. ఈ పొక్కుల్ని పెంచుతున్నది ఇదే. ఆపాక కొన్నాళ్లు ఇంకా ఎర్రబడుతుంది. భయపడి మళ్లీ రాయకండి. వేరే క్రీములూ పౌడర్లూ కూడా వద్దు. ఉత్త నీళ్లతో కడిగి, నేనిచ్చే మాత్రలు వేసుకుంటే మెల్లగా పోతుంది.”

“కిడ్నీలది కాదేటమ్మా?”

“ఈ పొక్కులకీ కిడ్నీలకీ సంబంధం లేదు.”

నీలవేణి తన చేతుల వైపు చూసుకుంది. ఆ చేతులతోనే కదా రోజూ రాసింది.

మధ్యాహ్నం రిపోర్టులు వచ్చాయి. యామినిది బాగానే ఉందని డాక్టరమ్మ చెప్పగానే తల్లీకూతుళ్లిద్దరూ ఊపిరి పీల్చుకున్నారు. డాక్టరమ్మ రెండో కాగితం చూసింది. ఇంకోసారి చూసింది.

“నీలవేణిగారూ, కూర్చోండి. మీ క్రియాటినిన్ ఉండాల్సినదానికంటే ఎక్కువుంది. ఇంకా చేయి దాటిపోలేదు. కానీ ఇవాళ్టి నుంచే మందులు మొదలెట్టాలి.”

యామిని తల్లి భుజం పట్టుకుంది.

“అలాగేనమ్మా,” అంది నీలవేణి. “మరి మా పాప మూతికి మచ్చలుండిపోవు కదా?”

యామిని మాస్కు లాగేసి, తల్లి ఒళ్లో తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

నీలవేణి కూతురి గడ్డం పైకెత్తి, కొంగు అంచుతో పొక్కులకు తగలకుండా కన్నీళ్లు మెల్లగా అద్దింది.

“ఏడవకే తల్లీ. కన్నీళ్లు తగిలితే మండుతాది.”