దిమ్మ పట్టిందెవరు?

ఆ టింకరింగ్ షెడ్డులో చివరి మూలకి మంచి పేరు లేదు. మనుషుల ప్రాణం తీసిన బండ్లన్నీ అక్కడే పెడతారు. దీపాలు పెట్టే వేళ దాటాక అటు వెళ్లడానికి కోరమీసాల వాళ్లు కూడా జంకుతారు. నేను దెయ్యాల కబుర్లు నమ్మే రకం కాదు. కానీ ఇది నాకు చెప్పిన పెయింటరు, చెబుతున్నంతసేపూ నా స్కూటరుకి వేసిన చోటే మళ్లీ మళ్లీ రంగు వేశాడు.

ఆ మూలలో ఒక పాత పికప్ బండి ఉండేది. అది షెడ్డు నడిపే టింకరుకి సొంత బావది. గాలివానలో కరెంటు స్తంభం విరిగి దాని నెత్తిన పడింది. టాపు కుంగిపోతుంటే బావ రెండు చేతులూ పక్క సీటు మీదికి చాచి, రేకుని పైకెత్తి పట్టుకున్నాడు. అక్కడ కూర్చున్న టింకరు అక్క ఆ కాస్త సందులో వంగి, కిటికీలోంచి పాకుతూ బయటపడింది. ఆయన మాత్రం రాలేకపోయాడు.

కొన్నాళ్లకి అక్క షెడ్డుకి వచ్చి కూర్చుంది.

"టాపు మార్చి ఇవ్వరా తమ్ముడూ. బండి నేనే తోలుకుంటాను."

"ఆ బండా! తుక్కుకి వేసేద్దాం అక్కా. నీకు వేరేది చూస్తాను."

"మీ బావ నాకు డ్రైవింగ్ నేర్పింది అందులోనేరా. నేను బతికితే దాంతోనే బతుకుతాను."

టింకరు కుంగిన టాపు చుట్టూ ఓసారి తిరిగి చూశాడు. చివరికి, "సరే, వేస్తాను. కానీ ఎక్కి కూర్చున్నాక నీ చేతులు వణికాయో, ఆ రోజే తుక్కుకి," అన్నాడు. అక్క ఒప్పుకుంది.

పాత టాపుని అతుకుల దగ్గర డ్రిల్లుతో తొలిచి ఊడదీశారు. అదే రకం బండిది తుక్కు దుకాణంలో దొరికితే తెచ్చి వెల్డింగు పెట్టారు. దానికి అక్కడక్కడా సొట్టలున్నాయి. సొట్ట తీయాలంటే ఇద్దరు కావాలి. ఒకరు పైనుంచి సుత్తితో కొడుతుంటే, ఇంకొకరు లోపల కూర్చుని ఇనుప దిమ్మని రేకుకి అదిమి పట్టాలి. దిమ్మ ఉంటే దెబ్బ టక్ మని గట్టిగా పలుకుతుంది. లేకపోతే ఖాళీ డబ్బాలా డొంగ్ మంటుంది.

చీకటి పడుతోంది... బయట వాన. ముందు అద్దం ఇంకా బిగించలేదు.

"ఒరేయ్, లోపలికెళ్లి దిమ్మ పట్టు," అన్నాడు టింకరు, స్టూలెక్కుతూ.

"పడతా అన్నా," అన్నాడు పెయింటరు. అన్నాడే గానీ, ఆ సీట్లో కూర్చోవాలంటే ఒళ్లు జలదరించింది. చడీచప్పుడు లేకుండా జారుకుని గేటు పక్కన టీకొట్లో దూరాడు.

షెడ్డులోంచి సుత్తి చప్పుడు... డొంగ్... డొంగ్...

"ఇక నాకు అక్షింతలే అనుకున్నా సార్," అన్నాడు నాతో.

తిట్లు రాలేదు. చప్పుడు మారింది.

టక్... టక్... టక్...

గ్లాసు అక్కడే వదిలేసి పరుగెత్తాడు. టింకరు టాపు మీదికి వంగి, తల ఎత్తకుండా కొడుతున్నాడు.

"ఇంకాస్త ఇటు జరుపు... ఆఁ, అక్కడే. ఇవాళ బాగా పట్టావురా!"

"అన్నా..."

వెనక నుంచి ఆ గొంతు వినగానే సుత్తి గాల్లోనే ఆగిపోయింది.

"నువ్వు... బయటున్నావా?"

అద్దం లేని సందులోంచి ఇద్దరూ తొంగి చూశారు. రెండు సీట్లూ ఖాళీ. ఇనుప దిమ్మ బల్ల మీద, పొద్దున పెట్టినచోటే ఉంది.

ఇక్కడ నేను అడ్డు తగిలాను. "వెల్డింగు పెట్టినచోట రేకు గట్టిగానే పలుకుతుందిగా?"

"వెల్డింగంతా అంచులకే సార్. అన్న కొట్టింది నడుమన."

"తర్వాత?" అన్నాను.

సరిగ్గా అప్పుడే అక్క గొడుగేసుకుని బండి చూడ్డానికి వచ్చిందట. తమ్ముడి మొహం చూసి ఏమైందని అడిగింది. దాచాలనే అనుకున్నాడు గానీ దాచలేకపోయాడు. చెప్పేశాడు.

"ఏ వైపురా?"

"డ్రైవరు వైపు ఖాళీగానే మోగింది అక్కా. పక్క సీటు మీదికి రాగానే... వద్దక్కా, రేపే తుక్కుకి వేసేద్దాం."

అక్క గొడుగు మడిచి కింద పెట్టింది. ఆమె ఏడవలేదు, కేక వేయలేదు. పెయింటరుకి అది చూసే ఎక్కువ భయమేసింది.

"నేను అక్కడే కదరా కూర్చున్నాను," అంది.

పక్క సీటు తలుపు తీసి, బోసి రేకు కింద అరచెయ్యి ఆనించి, గుసగుసగా అంది—

"ఏవండీ... నేను బయటపడ్డాను. ఇంక చేతులు దించండి."

చెయ్యి తీసి పక్కకి జరిగింది.

"కొట్టరా," అంది తమ్ముడితో.

డొంగ్.

టింకరు కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. మళ్లీ కొట్టాడు. డొంగ్. పక్క సీటు పైన ఎక్కడ కొట్టినా అంతే.

అక్క చుట్టూ తిరిగి వెళ్లి డ్రైవరు సీటెక్కింది. స్టీరింగు పట్టుకుని, చేతులు తమ్ముడికి కనపడేలా ముందుకి పెట్టింది. అవి వణకడం లేదు.

"చూశావుగా. బండి నాదే," అంది. అప్పుడు ఏడ్చిందట.

టింకరు మొహం తుడుచుకుని స్టూలు ఇటువైపు జరుపుకున్నాడు. డ్రైవరు సీటు పైన ఒక్క సొట్ట మిగిలింది... ఇందాక ఖాళీగా మోగినచోటే. దిమ్మ బల్ల మీదే ఉంది, అక్క చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి. చిన్నగా కొట్టాడు.

టక్.