రోజుకు నాలుగు మిల్లీమీటర్లు

ఉదయం ఎనిమిదీ పది. పార్కు మూలనున్న ఇత్తడి మేకు మీద ముసలి సర్వేయరు మూడు కాళ్ల స్టాండు నిలబెట్టాడు. దాని మీది శాటిలైట్ రిసీవర్ చూపిన అంకెను పెన్సిల్‌తో పుస్తకంలోకి ఎక్కించుకున్నాడు. పెన్సిల్ మళ్లీ చెవి మీద పెట్టుకునేలోపే సైలెన్సర్ తుపాకీ 'టప్'మంది. హంతకుడు పర్సు ముట్టలేదు, వాచీ ముట్టలేదు. ఆ పెన్సిల్ రాతల పుస్తకం మాత్రం లాక్కుని పోయాడు.

తొమ్మిదింటికి ఒక జిరాక్స్ షాపు వెనక గదిలో, చీఫ్ ఎదురుగా, ఏజెంట్ 'తూకం' పళ్లు బిగబట్టి కూర్చున్నాడు. మేస్త్రీల తూకం గుండులా ఎక్కడ వేలాడదీసినా నిటారుగా ఉంటాడని డిపార్ట్‌మెంటు పెట్టిన పేరు అది. పోయిన సర్వేయరు అతని సొంత బాబాయి.

"విదేశీ ముఠా పని," అన్నాడు చీఫ్. "పొద్దున్నే వాళ్ల మెసేజ్ ఒకటి పట్టుకున్నాం. 'పదకొండింటికి భూమి పేలుతుంది.' అంతే. ఎక్కడో తెలీదు."

"బాబాయి మీకు మూడు ఉత్తరాలు రాశాడు. చదివారా?"

చీఫ్ టేబుల్ మీది కాగితాలు సర్దాడు. నగరంలో డాబాల మీద రిఫరెన్స్ స్టేషన్లు ఉన్నాయి. అవి ఉన్నచోటి నుంచి కదలవు కాబట్టి శాటిలైట్ సిగ్నల్‌లో ఎంత తప్పుందో లెక్కగట్టగలవు. ఆ సవరణను కంట్రోల్ రూం ప్రతి సర్వేయరుకూ పంపుతుంది, వాళ్లు దాన్ని నమ్ముకునే కొలుస్తారు. ఆ సవరణలే దారి తప్పుతున్నాయని బాబాయి మొత్తుకున్నాడు. సరిగ్గా అరవై రోజుల కిందటి చివరి ఉత్తరంలో, 'పార్కు మేకు కొలత ఇప్పటికి ఎనభై సెంటీమీటర్లు జరిగింది' అని రాశాడు. మూడింటికీ ఒకటే జవాబు వచ్చింది: 'మీ పరికరాన్ని రిపేరు చేయించుకోగలరు.'

"రిపేరు చేయించాల్సింది మీ ఆఫీసుని సార్!"

"కోపం తర్వాత. కంట్రోల్ రూంలో మన మనిషి ఉంది. పేరు 'ముత్యాలు'. ముఠాలో చేరినట్టు నటిస్తూ మనకు కబుర్లు చేరవేస్తోంది. ఏసీ మెకానిక్ వేషంలో వెళ్లు. 'నీళ్లు కారుతున్నాయా మేడమ్?' అని అడుగు. 'మూడు చుక్కలే' అంటుంది."

"మా చెల్లికి చెప్పారా? ఆయన కూతురికి?"

"ఆపరేషన్ అయ్యేదాకా ఎవరికీ చెప్పొద్దు."

తూకం విసురుగా లేచాడు. కుర్చీ వెనక్కి పడింది. దాన్ని ఎత్తకుండానే వెళ్లిపోయాడు.

పదీ యాభైకి కంట్రోల్ రూం స్టీలు తలుపు తెరుచుకుంది. తూకం ఏసీ టూల్ కిట్ పట్టుకుని లోపలికి వెళ్లాడు. లోపల ఎముకలు కొరికే చలి. గోడంత స్క్రీన్ మీద స్టేషన్లన్నీ ఆకుపచ్చ చుక్కలుగా వెలుగుతున్నాయి. స్క్రీన్ ముందు కూర్చున్నామె మెడలో మూడు వరసల ముత్యాలు, గదినిండా ఆమె సెంటు వాసన. తలుపు దానంతటదే మూసుకుంది.

"నీళ్లు కారుతున్నాయా మేడమ్?"

"మూడు చుక్కలే." నవ్వింది. "సవరణలు ఎవరూ ముట్టుకోలేదు. కావాలంటే చూసుకోండి." రోజూ పార్కు మేకు దగ్గర చేసే చెక్ జాబితా స్క్రీన్ మీదకు తెచ్చింది. ఇవాళ తేడా నాలుగు మిల్లీమీటర్లు. నిన్నా నాలుగు, మొన్నా నాలుగు. "లిమిట్ పది. అన్నీ పాస్."

"దేనితో పోల్చి?"

"నిన్నటి విలువతో. పాసైతే ఇవాళ్టి విలువని రిజిస్టర్లో ఎక్కిస్తారు. రేపు దానితో పోలుస్తారు."

తూకానికి ఒళ్లు మండిపోయింది. భూమిలో దిగ్గొట్టిన మేకు రోజుకు నాలుగు మిల్లీమీటర్లు నడుస్తుంటే, ఇంతమంది చదువుకున్న సర్వేయర్లు దాని వెనకే నడిచారు! మేకు కొట్టిన రోజు రాసిన మొదటి విలువను తీసి చూసే ఓపిక ఒక్క ముసలాయనకే ఉంది. ఆయన్ని చంపేశారు.

"పాపం, మీటరూ నాలుగు సెంటీమీటర్లు జరిగిందని భ్రమపడ్డాడు పెద్దాయన," అంది ముత్యాలు.

తూకం మనసులోనే లెక్క వేశాడు. ఉత్తరంలో ఉన్నది ఎనభై. అరవై రోజులకు, రోజుకు నాలుగు మిల్లీమీటర్ల చొప్పున, ఇరవై నాలుగు సెంటీమీటర్లు. మొత్తం నూట నాలుగు. అది బాబాయి ఈ ఉదయం రాసుకున్న అంకె. హంతకుడు ఎత్తుకుపోయిన పుస్తకంలో తప్ప ఇంకెక్కడా లేదు.

"పుస్తకం నీ చేతికి ఎప్పుడొచ్చింది?"

ఆమె పౌడర్ డబ్బా మూత తెరిచింది. అద్దం ఉండాల్సిన చోట సన్నటి తుపాకీ గొట్టం ఉంది.

"ఎనిమిదిన్నరకి. మీ చీఫ్ నన్ను ముఠాలోకి పంపాడు, వాళ్లు ఇంకాస్త మర్యాదగా చూసుకున్నారు." వాచీ చూసుకుంది. "పదీ యాభై ఏడు. పిల్లల ఆసుపత్రి పక్కన పునాది డ్రిల్ దిగుతోంది. దాన్ని నడిపేది నా సవరణలే. గ్యాస్ మెయిన్ పైపుకి మీటరు అవతల దిగాల్సింది, సరిగ్గా దాని నెత్తిన దిగుతోంది. మెషీన్ పక్కన నిలబడ్డ సర్వేయరు మీ చెల్లి. ఫోన్ తియ్యకు, ఈ గదిలో సిగ్నల్ రాదు."

తూకం టూల్ కిట్‌లోని గ్యాస్ సిలిండర్ వాల్వు తన్నాడు. తెల్లటి చల్లని పొగ ఆమె ముఖం మీదకు చిమ్మింది. తుపాకీ పేలింది, అతని ఎడమ భుజం భగ్గుమంది. లెక్కచెయ్యకుండా సర్వర్ ర్యాక్ వెనక చెయ్యి పెట్టి, దొరికిన తీగలన్నీ కలిపి పీకేశాడు. గోడ మీది ఆకుపచ్చ చుక్కలన్నీ ఒక్కసారి ఆరిపోయాయి.

ఆమె దగ్గుతూనే నవ్వింది. "సవరణ రాకపోతే డ్రిల్ ఆగుతుంది, నిజమే. తర్వాత మాన్యువల్‌లో అదే గుంతలో దించుతారు."

"అక్కడున్నది మా బాబాయి కూతురు," అన్నాడు తూకం, ఆమె చేతులు ఏసీ పైపుకు కట్టేస్తూ.

సైట్‌లో డ్రిల్ గుర్రుమని ఆగింది.

"అమ్మా, శాటిలైట్ పోయింది. మాన్యువల్‌లో లాగించెయ్యనా?" అన్నాడు ఆపరేటరు.

"ఆగన్నా. టేపు పట్టు," అంది తూకం చెల్లి.

శాటిలైట్ మొండికేస్తే దగ్గర్లోని సర్వే మేకు దగ్గరకు పరిగెత్తమని నాన్న నేర్పాడు. పెన్సిల్‌తో రాసినదాన్ని ఆయన రోజూ సాయంత్రం ఇంకో పుస్తకంలో సిరాతో ఎక్కించేవాడు. ఆ రెండో పుస్తకం సంగతి ముఠాకు తెలియదు. ఊళ్లోని మేకులన్నిటి మొదటి విలువలూ ఉన్న ఆ పుస్తకం ఆమె సంచిలో ఉంది. గేటు దగ్గరి మేకు మొదటి విలువ తీసి, ప్లానుతో కలిపి లెక్క వేసింది. మేకు నుంచి గుంతకు పద్దెనిమిది మీటర్ల ముప్ఫై రెండు ఉండాలి. టేపు పందొమ్మిదీ ముప్ఫై ఆరు చూపించింది.

"నాన్న ఎంత చెప్పినా నవ్వారు కదరా, వెధవల్లారా!" అని అరిచింది.

ఆపరేటరు అప్పటికే టేపు వదిలేసి మాన్యువల్ లివరు మీద చెయ్యేశాడు. "కంపెనీవాళ్లు తిడతారమ్మా!"

ఆమె మెషీనెక్కి తాళంచెవి లాగేసుకుంది. పక్కనున్న ఆసుపత్రి గోడ గడియారం పదకొండు చూపిస్తోంది. తర్వాత చేతి పారలతో జాగ్రత్తగా తవ్వి చూస్తే, డ్రిల్ మొన కింద జానెడు లోతులో పసుప్పచ్చ గ్యాస్ పైపు కనబడింది.

తూకం భుజానికి కట్టుతో వచ్చేసరికి ఆమె ఇంకా ఆ తాళం గుప్పిట్లోనే పట్టుకుని ఉంది.

"అన్నయ్యా, నాన్నకి ఫోన్ చేస్తుంటే ఎత్తట్లేదు. ఆయన లెక్కే కరెక్టని చెప్పాలి."

అతను చెప్పాడు. ఆమె తాళం నేలకేసి కొట్టింది. "పొద్దుట్నుంచీ తెలిసి నాకు చెప్పలేదా?" అని అతని గుండెల మీద గుద్దింది. అతను కదలకుండా నిలబడి గుద్దించుకున్నాడు.

మూడో రోజున బాబాయి పేరు మీద డిపార్ట్‌మెంటు నుంచి ఒక కవరు వచ్చింది. చెల్లి చించి చదివింది: 'మీ ఫిర్యాదు పరిశీలనలో ఉంది. ఈలోగా మీ పరికరాన్ని ఒకసారి చెక్ చేయించుకోగలరు.'

"ఏం జవాబు రాయమంటావ్ అన్నయ్యా?"

"చెక్ చేయించామని రాయి. తేడా మీటరూ నాలుగు సెంటీమీటర్లు వచ్చిందనీ, అది మీ ఆఫీసు గుమ్మం దగ్గర మొదలైందనీ రాయి."