డీజే టేబుల్ మీద రసాల బుట్ట

హాల్లో మామిడికాయలు మాగెయ్యాలా, చెక్కలు మాగెయ్యాలా అన్న సంగతి ఆ ఇంట్లో సోమవారం మొదలై గురువారానికి కూడా తేలలేదు.

ఉమ వాదన ఉమది. ఏటా వేసవిలో ఆ హాలు రసాలది. నేల మీద వరిగడ్డి పరిచి, కాయలు పేర్చి, పైన మళ్ళీ గడ్డి కప్పితే ఇల్లంతా తియ్యటి వాసన కమ్ముకోవాలి. ఇప్పుడక్కడ పాత కంప్యూటర్ టేబుల్ పలకలు, రెండు బుక్ షెల్ఫుల ముక్కలు పరుచుకుని ఉన్నాయి. ఒకప్పుడు అట్టపెట్టెల్లో విడివిడిగా వస్తే ఇంట్లో బిగించుకున్నవే. వాటినిప్పుడు మళ్ళీ విప్పి, కూతురు కీర్తిప్రియ డీజే టేబుల్ చేస్తానంటోంది.

కీర్తి వాదన కీర్తిది. వారమంతా ఇంట్లో కూర్చుని కంపెనీ పని చేసే ఆ పిల్ల శని, ఆదివారాలు పెళ్ళిళ్ళలో డీజే. కిందటిసారి చింతలపూడిలో జనం గంతులకి అద్దె టేబుల్ ఊగి ఊగి ల్యాప్‌టాప్ జారింది. పాట ఆగింది. పందిరంతా తనవైపే చూసింది. వచ్చే నెల విస్సన్నపేటలో స్నేహితురాలు హాసిని పెళ్ళి. అక్కడ మాత్రం పాట ఆగకూడదు.

“తగలబెట్టెయ్ వాటిని, పీడా పోతుంది,” అని ఉమ చీపురు పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ కోపం చెక్కల మీద కాదని కీర్తికి తెలుసు. ఆ చుట్టుపక్కల తోటల వాళ్ళలో ఒక అలవాటుంది. కొబ్బరికాయ కొట్టి కోసిన తొలి బుట్ట, వియ్యమందాలనుకునే ఇంటికి వెళుతుంది. వాళ్ళకీ ఇష్టమైతే అదే బుట్ట నిండుగా తిరిగొస్తుంది. కిందటేడు మైలవరం సంబంధం వాళ్ళకి పంపిన బుట్ట ఖాళీగా తిరిగొచ్చింది. పెళ్ళిళ్ళలో పాటలు పెట్టే పిల్ల మాకొద్దన్నారట. ఈ ఏడు తొలి బుట్ట ఎవరికీ పంపేది లేదని ఉమ అప్పుడే చెప్పేసింది. కీర్తి కూడా ఇంకెవరి బుట్ట కోసమూ ఎదురుచూడనని మనసులో అనేసుకుంది.

నూజివీడు బస్టాండు దగ్గర హార్డ్‌వేర్ షాపులో ఒక పలక ముక్క కౌంటర్ మీద పెట్టి, స్క్రూ పట్టని బెజ్జం చూపించి, ఇంతకన్నా లావు స్క్రూలు కావాలంది కీర్తి.

కౌంటర్ వెనకున్న కుర్రాడు అభిరామ్. షాపు వాళ్ళదే. బెజ్జంలో వేలు పెట్టి చూసి, రాలిన పొట్టు ఊదేశాడు.

“ఇది చెక్క కాదండీ. రంపపు పొట్టు, జిగురు కలిపి నొక్కింది. ఒకసారి విప్పితే రెండోసారి పట్టదు. లావు స్క్రూ వేస్తే పగిలిపోతుంది.”

“నేను స్క్రూలు అడిగానండీ. దాని జాతకం అడగలేదు.”

అతను నవ్వు దాచుకుని, అరలోంచి ఒక అగ్గిపెట్టె తీసి ఆమె ముందు పెట్టాడు.

కీర్తి చెవులు ఎర్రబడ్డాయి. “తగలబెట్టమని మా అమ్మ ఇంట్లోనే చెప్పింది. దానికోసం మీ షాపు దాకా రావక్కర్లేదు,” అని పలక తీసుకుని ఎండలోకి వచ్చేసింది. స్కూటీ తాళం తిప్పేలోగా అతను చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తుకొచ్చాడు. కాలే తారు మీద ఒక కాలు మార్చి ఒక కాలు పెడుతూ, తగలబెట్టడానికి కాదండీ, ఒక్క నిమిషం చూడండి అని బతిమాలాడు. ఆ గంతులు చూసి కీర్తికి కోపం నిలవలేదు.

షాపు మెట్టు మీద కూర్చుని అగ్గిపుల్లల తలలు తుంచాడు. పుల్లల్ని జిగురులో ముంచి, బెజ్జంలో ఇరికించి, పైకి వచ్చిన కొసలు కోసేశాడు. రేపటిదాకా ఆరనిచ్చి పాత స్క్రూనే బిగించమన్నాడు.

“ఒకసారి వదిలేసింది మళ్ళీ పట్టుకుంటుందా?” అంది కీర్తి.

“లోపలి ఖాళీ నింపితే పట్టుకుంటుందండీ.”

అతను పలక గురించే అన్నాడు. అయినా ఇంటికి వచ్చేదాకా ఆ మాట ఆమె వెంటే వచ్చింది.

మర్నాడు స్క్రూ పట్టింది. ఆ సంగతి చెప్పడానికి కీర్తి షాపుకి వెళ్ళింది. ఫోన్ చేసినా సరిపోయేదే. షెల్ఫులు రెండూ కాళ్ళలా నిలబెట్టి, పైన కంప్యూటర్ టేబుల్ పలక వేస్తే పక్కకి ఊగుతోందని చెబితే, వెనకాల ప్లైవుడ్ కొట్టాలి, కొలత నేనే చూస్తానన్నాడు అభిరామ్. కీర్తికి పెళ్ళిళ్ళేవీ లేని ఆ శనివారం బండికి ప్లైవుడ్ కట్టుకుని వచ్చాడు. ఉమ మంచినీళ్ళిచ్చింది కానీ మాట్లాడలేదు. నాయనమ్మ పుష్పవతి మాత్రం కుర్చీ వరండాలోకి వేయించుకుని, ఎవరి తాలూకు, ఏ ఊరు అని మొదలుపెట్టింది. విస్సన్నపేట దగ్గర తోట ఉండేదని, అమ్మేసి షాపు పెట్టుకున్నామని చెప్పాడతను. ఇప్పటికీ వాళ్ళమ్మ బజార్లో రసాలు చూస్తుందట కానీ కొనదట. కొనుక్కున్నవాటికి రుచి రాదంటుందట.

ప్లైవుడ్‌కి ఇనప పట్టీలు బిగిస్తూ, అసలీ డీజేలో మీకేం నచ్చిందండీ అని అడిగాడు.

మైలవరం వాళ్ళు ఇలా అడగనేలేదు.

“పాట మారేది ఎవరికీ తెలియకూడదండీ. ఒకటి వెళ్ళిపోతూ ఉంటుంది, ఇంకోటి వస్తూ ఉంటుంది. కాళ్ళు మాత్రం ఆగకూడదు. ఆ ఒక్క క్షణం అందరూ నా చేతిలో ఉంటారు.”

“నాకు డాన్స్ రాదండీ.”

“అయితే మీరు టేబుల్ పట్టుకుని నిలబడండి.”

“నేను పట్టుకోనక్కర్లేకుండా చేస్తున్నాను కదా,” అన్నాడు. అనేసి, ఎందుకన్నానా అన్నట్టు బోల్టు వైపు చూశాడు.

మధ్యాహ్నానికి ఆకాశం నల్లబడింది. ఈదురుగాలి వస్తే కాయ దక్కదని కీర్తి నాన్న నారాయణరావు కూలీలతో పరుగున తోటకి వెళ్ళి, కొబ్బరికాయ కొట్టే తీరిక కూడా లేక, అందినంత కోయించి ట్రేలలో ఇంటికి తోలించాడు. వాటిని దించుతుండగానే వాన దిగింది. వరండాలో నేలంతా జల్లు కొడుతోంది. కాయ తడిస్తే మచ్చ పడుతుంది. చోటు కోసం అటూ ఇటూ చూసిన ఉమ, ఒక ట్రే తీసి డీజే టేబుల్ మీద పెట్టింది. ఆగి చూసింది. రెండోది పెట్టింది. కూలీలు ఇంకొన్ని పేర్చారు. ఉమ అంచు పట్టుకుని గట్టిగా ఊపింది. టేబుల్ కదల్లేదు.

“ఇంకో రెండు ఆగుతాయా బాబూ?” అంది. ఆ పొద్దున్నించీ అతనితో ఆమె అన్న మొదటి మాట అదే.

వాన వెలిశాక అభిరామ్ బయల్దేరాడు. బోల్టులకి డబ్బులు తీసుకోలేదు. కీర్తికి ఊరకే పంపబుద్ధి కాలేదు. వరండాలో వేలాడుతున్న బుట్ట అందుకుని, అడుగున గడ్డి వేసి, ట్రేలోంచి చిన్న రసాలు ఏరి పేర్చి, మీ అమ్మగారికివ్వండి అంది. అతను బుట్టకేసి చూశాడు. ఆమెకేసి చూశాడు. ఏదో అడగబోయి, ఊరుకుని, బుట్టని పసిపిల్లని పెట్టుకున్నట్టు ముందర పెట్టుకుని మెల్లగా బండి నడుపుకుంటూ వెళ్ళాడు.

ఆదివారం హాల్లో ఎట్టకేలకు గడ్డి పరిచారు. కాయలు పేరుస్తుంటే గుమ్మంలోంచి “వదినగారూ” అని పిలుపు వినిపించింది. అభిరామ్ వాళ్ళమ్మ రేవతి. చేతిలో అదే బుట్ట. దాన్నిండా పూలు, పసుపు కుంకుమ, జాకెట్టు ముక్క, బందరు లడ్డూలు.

కీర్తి చేతిలోని కాయ గడ్డి మీద పెట్టి లేచింది. కొబ్బరికాయ కొట్టలేదు కాబట్టి అది తొలి కోత కిందికి రాదని నిన్న అనుకుంది. కానీ చెట్టు మీంచి మొదట దిగిన కాయ అదే. ఇల్లు దాటి మొదట వెళ్ళిన బుట్టా అదే. మంచినీళ్ళ వంకతో వాకిట్లోకి వచ్చింది. అభిరామ్ బండి పక్కన నిలబడి ఉన్నాడు.

“అది తొలి బుట్టని మీకు తెలుసా?”

“తెలుసండీ.”

“మరి చెప్పలేదేంటి?”

“చెప్తే వెనక్కి తీసుకుంటారేమోనని.” తల దించుకునే చెప్పాడు. “మీరు తెలియక ఇచ్చారని లోపలికెళ్ళి చెప్పెయ్యండి. తప్పు నాదేనని మా అమ్మకి నేను చెప్పుకుంటాను.”

కీర్తి గ్లాసు అతని చేతికిచ్చి లోపలికి వచ్చింది.

రేవతి అప్పటికే కళ్ళు తుడుచుకుంటోంది. “తోట అమ్మాక మా ఇంటికి తొలి బుట్ట రాలేదు వదినగారూ. మావాడు తెచ్చి ముందర పెడితే ఒక్కో కాయా తీసి వాసన చూసుకున్నాను. అమ్మాయి పాటలు వాయిస్తుందటగా. వాయించనివ్వండి. మా ఇల్లు మరీ చప్పుడు లేకుండా ఉంది.”

ఉమ బుట్ట అందుకుంది. నేలంతా కాయలే, పెట్టడానికి చోటు లేదు. నాలుగు వైపులా చూసి, వెళ్ళి డీజే టేబుల్ మీద పెట్టింది. ఏడాది తర్వాత నిండుగా తిరిగొచ్చిన బుట్ట. దాని మీంచి చెయ్యి తియ్యలేకపోయింది. నారాయణరావు భార్య వైపు చూశాడు, భార్య అత్తగారి వైపు చూసింది.

పుష్పవతి మనవరాలిని దగ్గరికి పిలిచింది. “ఏమ్మా, తెలిసే ఇచ్చావా?”

గుమ్మం దగ్గర గ్లాసు పట్టుకుని అభిరామ్ నిలబడ్డాడు. లోపలికి రావాలో వద్దో తెలియని కాలు ఒకటి గడప మీదే ఉంది.

“తెలియక ఇచ్చాను నాయనమ్మా,” అంది కీర్తి. బుట్టలో పూలు కాస్త పక్కకి ఒరిగితే సర్దింది. “కానీ వెనక్కి అడగను.”