తెరిచి వదిలేసిన రికార్డు

నలభై ఒకటో నంబరు గూఢచారి ఏజెంట్ బావమరిది మధ్యాహ్నం పన్నెండింటికి శత్రుదేశపు సరిహద్దు గేటు దాటాలి. ఇక్కడి పర్మిట్ ఆఫీసు రికార్డు చూసి అక్కడి కంప్యూటర్ అతని పర్మిట్ చెల్లుతుందంటే ఇంటికొస్తాడు. రద్దయిందంటే ఇక రాడు.

"మన పర్మిట్ ఆఫీసులో విదేశీ ముఠా మనిషి ఒకరు ఉన్నారు," అన్నాడు చీఫ్. "నీ బావమరిదితో సహా మన మనుషులు నలభై మంది పర్మిట్లూ ఆఖరి నిమిషంలో రద్దు చేస్తారు. అక్కడ మన డబుల్ ఏజెంట్ నీకు సాయం చేస్తుంది."

"ఆమె పనిచేసేది మనకేనా?"

"మనకే అనుకుంటున్నాం."

ఏజెంట్ నెరిసిన విగ్గూ, దొంగ కళ్లజోడూ తగిలించుకుని ఆడిటర్ అవతారమెత్తి వెళ్లాడు.

పైకి అతని పని రికార్డులు మార్చడానికి ఏ పద్ధతి మేలని ఆ ఆఫీసులో నడుస్తున్న తగువు తీర్చడం. ప్రోగ్రామర్ పెద్దాయనది పాత పద్ధతి. ఫైలు తెరిచి, నంబరుతో ఒక్కో రికార్డునూ పట్టుకుని, పని అయ్యాక వదులుతాడు. కొత్త కన్సల్టెంట్‌ది ఎస్‌క్యూఎల్ అనే కంప్యూటర్ భాష. ఒక్క వాక్యంతో ఎన్ని రికార్డులైనా మారిపోతాయి, ఒక్కటి కుదరకపోయినా ఏదీ మారదు, అదే దాని గొప్ప అని ఆమె సిల్కు స్కార్ఫ్ సవరించుకుంటూ చెప్పింది. మాటల మధ్య కోడ్‌వర్డ్ కూడా అందించింది. డబుల్ ఏజెంట్ ఆమే.

ఏజెంట్ పెద్దాయనకు ఎర వేశాడు. ఉదాహరణకి చూపించమని బావమరిది పర్మిట్ నంబరు ఇచ్చాడు. చూపించమంటే ఆ పెద్దమనిషి ఏకంగా మార్పులు చేసే స్క్రీన్ తెరిచి, అలాగే వదిలేసి టీకి వెళ్లిపోయాడు. దొంగ దొరికాడనుకున్నాడు ఏజెంట్.

పదకొండు యాభై ఎనిమిది. కన్సల్టెంట్ తన కీబోర్డు మీద ఏదో కొట్టి, ఒక్కసారిగా లేచి వచ్చింది.

"ఆ రికార్డు మూసేయండి. ఆయనొచ్చి రద్దు చేసేస్తాడు."

ఏజెంట్ వేలు కీ మీదికి వెళ్లింది. కానీ ఆమె కళ్లు పెద్దాయన వెళ్లిన తలుపు వైపు లేవు, తన టెర్మినల్ మీదే ఉన్నాయి. ఏజెంట్ అటు చూశాడు. నలభై పర్మిట్లనూ రద్దు చేసే ఎస్‌క్యూఎల్ వాక్యం కదలకుండా నిలబడి ఉంది. నలభైలో ఒకటైన, పెద్దాయన తెరిచి వదిలేసిన రికార్డుకి తాళం పడి ఉండటమే కారణం. గేటు కంప్యూటర్ దాన్ని చదవగలదు, కానీ ఇంకెవరూ మార్చలేరు.

"మూసేయండి సార్," అందామె మళ్లీ, మెత్తగా.

"చెయ్యి నొప్పిగా ఉందండీ," అంటూ ఏజెంట్ వేలు వెనక్కి తీసుకున్నాడు.

అరవై సెకన్లు గడిచాయి. రికార్డు వేరొకరి వాడకంలో ఉందంటూ ఆమె వాక్యం మొత్తంగా రద్దయింది. ఆమె కీబోర్డు వైపు దూకేలోపే మణికట్టుకి బేడీ పడింది.

టీ కప్పుతో తిరిగొచ్చిన పెద్దాయన బేడీలు చూసి బిక్కచచ్చిపోయాడు. మార్పుల స్క్రీన్ ఎందుకు తెరిచావని ఏజెంట్ నిలదీశాడు.

"చూడ్డానికైనా దిద్దడానికైనా నా ప్రోగ్రాంలో స్క్రీన్ ఒక్కటే సార్. తాళం పడేసి టీకి పోతానని ముప్పై ఏళ్లుగా అందరూ తిడుతూనే ఉన్నారు."

ఏజెంట్‌కి ఆయన్ని కౌగిలించుకోవాలనిపించింది. అంతలో ఫోన్ మోగింది. అవతల బావమరిది.

"గేటు దాటేశాను బావా. ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. మీ పర్మిట్ ఆఫీసులో అందరూ ఎంత జాగ్రత్తగా పనిచేస్తారో!"