ఫ్లాష్ లేకుండా తీసిన ఫొటో

ఆ మూల ఇంటికి మంచి పేరు లేదు. చీకటి పడితే ఆ పక్కగా కుక్క కూడా నడవదని చెప్పుకునేవాళ్లు. మధ్యగదిలో ఎవరో ఉంటారట. ఏమీ చెయ్యరట, పలకరించరట... ఊరికే చూస్తుంటారట. తాళాలు బాగుచేసేవాడొకడు అందులో దుకాణం పెట్టి, నెల తిరక్కముందే తలుపుకి తాళం కూడా వెయ్యకుండా పరుగు లంకించుకున్నాడని వినికిడి.

అలాంటి ఇంటిని ఫ్లాషయ్య తన స్టూడియోకని తీసుకున్నాడు.

అసలు పేరేదైతేనేం, అందరూ ఫ్లాషయ్యనే అంటారు. మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబెట్టినా సరే, ఫ్లాష్ కొట్టందే ఫొటో తీయడు. పాత షాపు నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి. ఇంకెక్కడా గది దొరకలేదు. భార్యేమో ఆ గడప తొక్కనని భీష్మించుకుని కూర్చుంది. ఆవిడ రాకపోతే స్టూడియో లేనట్టే. ఈయన తీసిన ముఖాల మీది మొటిమలూ మచ్చలూ కంప్యూటర్లో చెరిపి, మనుషుల్ని మనుషుల్లా చేసేది ఆవిడే మరి.

"రాత్రిపూట ఆ మధ్యగది ఫొటో తీసుకురండి," అంది. "ఏమీ లేదంటే వస్తాను. కానీ ఫ్లాష్ కొట్టకూడదు. వెలుతురు పడితే అది తప్పుకుంటుంది, ఇక రుజువేముంది?"

తన నెత్తిన చెయ్యి పెట్టించి మరీ ఒట్టు వేయించుకుంది.

ఫ్లాషయ్య ఫ్లాష్ లేకుండా చీకట్లో ఫొటో తీసిన పాపాన పోలేదు. అయితే ఈమధ్యే ఓ సెకండ్ హ్యాండ్ కెమెరా కొన్నాడు. చీకట్లో కూడా పట్టపగల్లా తీస్తుందన్నాడు అమ్మినవాడు. ఆ మాటే ధైర్యంగా పెట్టుకుని బయల్దేరాడు.

మధ్యగదిలో కళ్లు పొడుచుకున్నా ఏమీ కనపడలేదు. సంచి నేలమీద పెట్టాడు. ఉన్న కాస్త వెలుతురునీ పెంచి చూపించే నంబరొకటి ఉంటుంది కెమెరాలో. దాన్ని పైకంటా తిప్పేసి, నొక్కాడు.

టక్.

తెర మీదికి బొమ్మ వచ్చింది. గదంతా చీమలు పాకినట్టు రంగురంగుల నలకలు... ఆ నలకల మధ్య, పైమూలన —

రెండు ఎర్రటి కళ్లు.

ఫొటోలో ఇంకా ఏమైనా పడుతుందేమోనని కెమెరాని నిలువుగా తిప్పి మళ్లీ నొక్కాడు. ఈసారి కళ్లు పక్కపక్కన లేవు... ఒకదాని మీద ఒకటున్నాయి.

తల వాల్చి చూస్తోంది.

అంతే. సంచి అక్కడే వదిలేసి వీధిలో పడ్డాడు. నాలుగడుగులు వేసి, ఉండబట్టలేక వెనక్కి తిరిగి వీధిని తీశాడు. కళ్లున్నాయి. తమ ఇంటి గుమ్మం ముందు నిలబడి తీశాడు. అక్కడా ఉన్నాయి.

"నాతోపాటే... వచ్చేసింది," అన్నాడు భార్య చెవిలో గుసగుసగా.

ఆవిడ ఫొటోలన్నీ కంప్యూటర్లో పెట్టుకుని ఒకదాని తర్వాత ఒకటి చూసింది. రోజంతా మచ్చలు చెరిపే కన్ను కదా, పది నిమిషాల్లో పట్టేసింది.

"గదిలోనూ, వీధిలోనూ, మన గుమ్మం ముందూ ఒకే చోట ఉన్నాయి కళ్లు. మీరు కెమెరా నిలువుగా పడితే అదీ నిలువుగా తిరిగింది. మీ చెయ్యి ఎటు తిరిగితే అటు వాలే దెయ్యమా ఇది?"

కెమెరాకి మూత బిగించి, ఆ మూతతోనే ఒక ఫొటో తీసింది. నలకలూ ఉన్నాయి, రెండు కళ్లూ ఉన్నాయి.

అమ్మినవాణ్ణి నిద్రలేపి మరీ ఫోన్లో దులిపేసింది. వాడు ఆవులిస్తూ చెప్పాడు. "దేనికైనా ఒక హద్దుంటుంది కదక్కా. స్టేషన్ దొరకని రేడియోకి సౌండు పెంచితే బరబర పెరుగుతుంది గానీ పాటొస్తుందా? వెలుతురే లేనప్పుడు కెమెరా లోపలి గోలంతా నలకలై పడుతుంది. ఆ ఎర్రచుక్కలంటారా, పాతబడ్డ కెమెరాలో అలా ఒకటీ అరా చుక్కలు చెడిపోయి ఊరికే వెలుగుతుంటాయి."

ఆవిడ పడీపడీ నవ్వింది. ఫ్లాషయ్యకి ప్రాణం లేచొచ్చింది. రేపే సామాను చేరవేద్దామని ఆవిడే అంది. ఆ హుషారులోనే మధ్యగది ఫొటో ముందేసుకుని నలకలు దులిపి, మొటిమల్ని చెరిపినట్టు కళ్లు రెండూ చెరిపేసింది.

చెరిపి... ఆగిపోయింది.

"ఏవండీ. మూత పెట్టి తీసినదాంట్లో చుక్కలెన్ని?"

"రెండు."

"రెండూ తీసేశాను. మరి ఇదేంటి?"

కింద, నేలకి కాస్త పైన, ఇంకో ఎర్రచుక్క ఉంది. వీధి ఫొటోలో అది లేదు. గుమ్మం ఫొటోలోనూ లేదు.

ఫ్లాషయ్య తల గోక్కున్నాడు. ఇక దాచి లాభం లేదనుకున్నాడు.

"కోప్పడకు. భయమేసి ఫ్లాష్ ఆన్ చేసి సంచిలో పెట్టుకెళ్లాను. కొట్టలేదు, నీ మీదొట్టు, చెయ్యి కూడా పెట్టలేదు. సంచి నోరు తెరిచుంది కదా, ఆన్‌లో ఉంటే దాని వెనక వెలిగే ఎర్రలైటే అయ్యుంటుంది."

ఆవిడ మొహంలో నవ్వు లేదు. లేచి బీరువా తెరిచింది. చీరల కిందినుంచి ఫ్లాష్ తీసి బల్లమీద పెట్టింది.

"మీ సంగతి నాకు తెలీదూ... మీరు చెప్పులేసుకుంటున్నప్పుడే సంచిలోంచి తీసేశాను."

నెలాఖరు దగ్గరపడింది. వేరే గది లేదు.

"వెళ్లక తప్పదు, వెళ్దాం," అంది ఆవిడ చివరికి, గొంతు తగ్గించి. "కానీ ఆ గదిలో ఫ్లాష్ లేకుండా ఇంకెప్పుడూ తీయకండి. లేనిది పడితే చెరిపేస్తాను. ఉన్నదాన్ని చెరపడం నావల్ల కాదు."